ఫొటోలోని ఎడమ చెయ్యి

ఆ ఫొటోలో ఉన్న మనిషి ఎడమ చెయ్యి ఎక్కడ ఉంది?

చిక్కబళ్ళాపుర శివార్లలోని పరిశోధన కేంద్రంలో నేను ఈ ప్రశ్న అడిగాను. వరండాలో నిలబడి అడిగాను. ఏసీ గదిలో కూర్చుని అడిగాను. తర్వాత ఫోన్లోనూ అడిగాను. జవాబుగా నాకు కాఫీ వచ్చింది, కేంద్రం సాధించిన పనుల గురించి నున్నటి కాగితం మీద అచ్చయిన రంగుల పుస్తకం వచ్చింది, డైరెక్టరు గారు ఊళ్ళో లేరన్న సమాచారం వచ్చింది. చెయ్యి ఎక్కడుందో ఆ కేంద్రం ఇంతవరకు చెప్పలేదు.

ఫొటో పెద్దది. గుమ్మం దాటగానే కంటికి తగిలేలా గాజు చట్రంలో బిగించారు. వయసు మళ్ళిన ఒక రైతు స్త్రీ బల్ల మీది నీలం రంగు ముద్దను కుడి బొటనవేలితో నొక్కుతూ ఉంటుంది. ఆమె చూపు ముద్ద మీద లేదు. ఏదో సరిపోల్చుకుంటున్న మనిషి చూపులా ఎటో నిలిచిపోయి ఉంది. కింద ఇంగ్లీషులోనూ కన్నడంలోనూ 'ప్రజలతో కలిసి విజ్ఞానం' అని రాశారు. ఆమె పేరు రాయలేదు.

ఆమె పేరు లక్ష్మీనరసమ్మ. ఊరు చింతామణి తాలూకా బట్లహళ్ళి; కర్ణాటకలో ఉన్నా మా ఇళ్ళల్లో తెలుగే. చింతామణి హైస్కూల్లో మేమిద్దరం ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్ళం. ఆమె చదువు అక్కడితో ఆగింది, ఆమె పొలంలోకీ పట్టుపురుగుల పెంపకంలోకీ వెళ్ళింది. నా చదువు బాగేపల్లిలో కాలేజీ లైబ్రేరియన్‌గా రిటైరయ్యేదాకా సాగింది. స్నేహం ఎక్కడా ఆగలేదు. ఆమె రొమ్ములో గడ్డ ఉందని నాకు తెలిసేనాటికే ఆ ఫొటో ఆ గోడ మీద ఉంది. ఈ రెండు విషయాలకు ఉన్న సంబంధమేమిటో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఊరగాయకు మామిడికాయలు కోయించాను, వచ్చి తీసుకుపొమ్మని ఆమె కబురు పెడితే బట్లహళ్ళికి వెళ్ళాను. ఇంటి ముందు పక్కింటి చౌడమ్మ కాయలు తుడుస్తూ కూర్చుంది.

"మీ అక్క యాడికి పోయిందే?"

"పురుగులింట్లో ఉండాదమ్మా. పురుగులు లేవు, ఆయమ్మ మాత్రం ఉండాది," అని చౌడమ్మ నవ్వింది. "కాపడం పెట్టుకుంటాండాది. నువ్వు పోయినా తలుపు తీస్తాదో లేదో."

తలుపు తీసింది. పట్టుపురుగులు పెంచే ఆ పొడుగాటి గదిలో పొయ్యి మీద నీళ్ళు మరుగుతున్నాయి. గిన్నెలో ఆముదం, పక్కన మడతపెట్టిన పాత గుడ్డ. నన్ను చూసి కొంగు సర్దుకుంది.

"ఏమే ఇది?"

"కాపడం."

"దేనికి?"

"కాలికి."

"కాలికి కాపడం పెట్టుకునేదానికి రవిక హుక్కులు ఎందుకు విప్పినావే?"

"నువ్వు లైబ్రరీలో కాదే భాగీరథీ, పోలీసు స్టేషన్లో ఉండాల్సింది," అని నవ్వింది. ఆ నవ్వు ఎక్కువసేపు నిలవలేదు. నా చెయ్యి పట్టుకుని తన ఎడమ రొమ్ము మీద పెట్టింది.

నా వేళ్ళకు తగిలినది పట్టు గూడు కన్నా పెద్దది కాదు. గూడంత గట్టిది. నొక్కితే పక్కకు జరగలేదు, వేరుపట్టినట్టు అక్కడే ఉంది.

"ఎప్పటినుంచే?"

"ఉగాదికి ముందునుంచి."

"ఆస్పత్రికి పోలేదా?"

"పోయేదెందుకు? మెత్తబెడితే పోతాదంట. మెత్తబెడతాండా."

"ఎవరు చెప్పినారు?"

"వాళ్ళే. సైన్సోళ్ళు. డెయిరీ హాల్లో మీటింగు పెట్టినారే, వాళ్ళు."

ఆ మీటింగులో నేను లేను. అందుచేత లక్ష్మీనరసమ్మా చౌడమ్మా ఒకరి మాటకు ఒకరు అడ్డం వస్తూ చెప్పినదాన్ని వరుసలో పెట్టి రాస్తున్నాను. చలి తగ్గే రోజుల్లో చిక్కబళ్ళాపుర నుంచి వ్యాను వచ్చింది. కోటు వేసుకున్న డైరెక్టరు, మైకు పట్టుకున్న ఒకతను, స్వచ్ఛంగా మన తెలుగు మాట్లాడే ఒక అమ్మాయి దిగారు. పాల డెయిరీ హాల్లో ఆడవాళ్ళనందరినీ కూర్చోబెట్టారు. ఆ అమ్మాయి బల్ల మీద తెల్లటి ముద్ద ఒకటి, నీలం ముద్ద ఒకటి పెట్టింది. ఈ రెండూ మీ పట్టు గూళ్ళతోనే చేసినవి అని చెప్పింది. గూడును ఉడికించి, జిగురు తీసేసి, మిగిలిన పట్టును కరిగించి, శుద్ధి చేసి, మందు కలిపి వెలుతురు పట్టిస్తే ఇలా జెల్లు అవుతుందట. వెలుతురు ఎంతసేపు పట్టిస్తే అంత గట్టిపడుతుందట. తెల్లది ఆరోగ్యంగా ఉన్న రొమ్ము కండంత మెత్తన. నీలంది క్యాన్సరు గడ్డ చుట్టూ ఉండే కండంత గట్టి. ఒకే క్యాన్సరు కణాలను రెండింటిలోనూ పెంచితే, మెత్తనిదానిలో గుండ్రంగా ముడుచుకుని ఉంటాయి. గట్టిదానిలో కాళ్ళు చాచి దారులు వెతుక్కుంటాయి. కణం అదే, అది కూర్చున్న చోటు మారింది.

తర్వాత నేను దొరికినంతలో చదివి సరిచూసుకున్నాను. ఆ అమ్మాయి చెప్పినదానిలో అబద్ధం ఒక్కటీ లేదు. ఈ మాట ముందే రాస్తున్నాను, ఎందుకంటే నా ఫిర్యాదు అబద్ధం మీద కాదు.

రెండు ముద్దలనూ నొక్కి చూడమన్నారు. బట్లహళ్ళి ఆడవాళ్ళకు ఆ పని ఎవరూ నేర్పనక్కరలేదు. గూళ్ళు శిడ్లఘట్ట మార్కెట్టుకు పోయే ముందు బొటనవేలితో నొక్కి, మెత్తటివి ఏరి పక్కన పడేసే చేతులు అవి. అందరూ నొక్కారు. అప్పుడు చౌడమ్మ లేచి అడిగింది: "అట్లయితే మెత్తబెడితే జబ్బు పోతాదా?"

"అప్పుడు వాళ్ళేమన్నారు?" అని అడిగాను.

"అవునన్నారు," అంది లక్ష్మీనరసమ్మ.

"ఎవరు?"

"ఆ కోటేసుకున్న ఆయప్ప."

"ఆయప్ప కాదక్కా, మైకు పట్టుకున్నోడు," అంది చౌడమ్మ. "అవునని అన్లేదులే, అయినా అవునన్నట్లే."

"అన్నాడా, అన్నట్లా? ఏదో ఒకటి చెప్పు."

"ఏమమ్మా నువ్వు, కోర్టులో నిలబెట్టినట్ల అడుగుతావు! అందురూ చప్పట్లు కొట్టినారు. కాదంటే చప్పట్లు ఎందుకు కొడతారు?"

మిగతాది లక్ష్మీనరసమ్మ తనంతట తానే కూర్చుకుంది. గట్టిదనం ఉన్నచోట జబ్బు పెరుగుతుంది. ఆ గట్టి ముద్ద పట్టుతో చేసింది. గట్టి గూటిని ఎలా లొంగదీయాలో ఈ ప్రాంతంలో పుట్టిన ప్రతి ఆడమనిషికీ తెలుసు. మరిగే నీళ్ళలో వేస్తే జిగురు వదులుతుంది, దారం దానంతట అదే వస్తుంది.

"పట్టును మెత్తబెట్టేది మాకు ఎవురు నేర్పాల?" అని నన్నే ఎదురు ప్రశ్నించింది.

మరుసటి రోజే ఆమెను చింతామణిలో లేడీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. ఆవిడ చేత్తో చూసి, ముఖం మార్చకుండా, వెంటనే చిక్కబళ్ళాపురకు పొమ్మంది. అక్కడి ఆస్పత్రిలో సూదితో తీసి పరీక్షకు పంపారు. క్యాన్సరేనని తేలింది. సర్జన్ పేరు డాక్టర్ పురుషోత్తమ్. వయసులో చిన్నవాడు, మాట మర్యాదగా ఉంది. ఆపరేషన్ ఆలస్యం చేయకూడదన్నాడు. లేచి వచ్చేస్తుంటే ఇంకో మాట అన్నాడు. తీసేసిన గడ్డలో మా పరీక్షకు పోగా మిగిలిన ముక్కను, మీకు ఇష్టమైతేనే, గట్టిదనం మీద పని చేసే ఒక పరిశోధన కేంద్రానికి ఇస్తాం. కేంద్రం పేరు చెప్పాడు. లక్ష్మీనరసమ్మ నా వైపు తిరిగింది. ఇద్దరికీ వ్యానే గుర్తొచ్చింది.

బస్టాండులో బెంచీ మీద కూర్చున్నాక ఆమె మొదలుపెట్టింది.

"ఇప్పుడు తెలిసిందే నాకు."

"ఏమి?"

"విత్తనం చల్లేదానికి వచ్చినోళ్ళే కోతకు వచ్చినారు. మెత్తబెట్టుకోమన్నారు, ఇంట్లో కూర్చోబెట్టినారు, బాగా పండనిచ్చినారు. ఇప్పుడు కోసి మాకియ్యండి అంటాండారు. నేను కోయించుకోను."

"అది ఎదిగేది వాళ్ళ కోసం ఆగదే."

"వాళ్ళు ఎందుకు వచ్చినారో, హాల్లో అవునన్నది ఎవరో నాకు తెలియాల. తెలిసేదాకా నా మీద కత్తి పెట్టేదానికి లేదు."

కొడుకు మునికృష్ణప్ప బతిమాలాడు, కోడలు ఏడ్చింది. ఆమె కదలలేదు. ఆ అనుమానం వెర్రిదని కొట్టిపారేయడానికి నా దగ్గర ఆధారమేమీ లేదు. వాస్తవాలను పక్కపక్కన పెట్టి చూశాను. పట్టు పండించే ఊరికే వచ్చారు. ఆడవాళ్ళనే పిలిచారు. గట్టిదనం గురించి చెప్పి వెళ్ళారు. ఇప్పుడు గట్టిపడిన ముక్క అడుగుతున్నారు. ఆమె ప్రాణం ఆపరేషన్ మీద ఆధారపడి ఉంది. ఆపరేషన్ ఆ హాల్లో పలికిన, లేదా పలకని, ఒక్క మాట మీద ఆధారపడి ఉంది. ఆ మాటను పట్టుకోవడానికే నేను ఆ కేంద్రానికి వెళ్ళాను.

మైకు పట్టుకున్నతని పేరు నందకిశోర్. జనంతో సంబంధాలు చూసుకోవడం అతని ఉద్యోగం. వరండాలోకి ఎదురొచ్చి, నేను ఫొటో ముందు ఆగిపోవడం చూసి సంతోషపడ్డాడు.

"బాగుంది కదా మేడం? దీనికి ఢిల్లీలో ప్రైజు వచ్చింది."

"ఈమె ఎవరు?"

"పార్టిసిపెంట్ మేడం."

"పేరు?"

"కమ్యూనిటీ పార్టిసిపెంట్."

"అది పేరు కాదు. సరే. ఈమె ఎడమ చెయ్యి ఎక్కడ ఉంది?"

అతను ఫొటో వైపు చూశాడు, నా వైపు చూశాడు. నాకు కళ్ళజోడు మార్చుకోవలసిన అవసరం ఉందేమోనని అతనికి అనిపించి ఉంటుంది.

"ఫోకస్ అంతా కుడి చెయ్యి మీద మేడం," అన్నాడు. "కాఫీ తీసుకుంటారా?"

నేను ఫొటోకు దగ్గరగా వెళ్ళాను. కుడి చెయ్యి స్పష్టంగా ఉంది; బొటనవేలి గోటి పగులు కూడా కనిపిస్తోంది. ఎడమ మోచెయ్యి మడిచి ఉంది. మణికట్టు దగ్గర చెయ్యి కొంగు కిందికి పోయింది. కొంగు, గుండెల మీద ఎడమవైపున, లోపలి వేళ్ళ కణుపుల మీద గుడారంలా లేచి ఉంది.

ఒక చేత్తో నీలం ముద్దను నొక్కుతోంది. రెండో చేత్తో తనను తాను నొక్కుకుంటోంది. సరిపోల్చుకుంటోంది. ఆమె కళ్ళు ఎటూ చూడకపోవడానికి కారణం అదే. చూపుతో చేసే పని కాదది.

కాఫీ తాగలేదు. తెలుగు మాట్లాడే ఆ అమ్మాయిని పిలవమన్నాను.

శ్రీరంజని వచ్చింది. చింతామణి పిల్లే. తాతగారు గుళ్ళో అర్చకులట. నేను ఊహించుకుని వచ్చిన దొంగ ముఖం ఆమెకు లేదు. అందుకని నేను ఇంకా జాగ్రత్తపడ్డాను. ప్రయోగశాలలోకి తీసుకెళ్ళి, అడగకుండానే, మైక్రోస్కోపు కింద రెండు పళ్ళేలు పెట్టి చూపించింది. మెత్తటి జెల్లులో కణాలు చిన్న చిన్న బంతుల్లా గుమిగూడి ఉన్నాయి. గట్టి జెల్లులో అవే కణాలు చీలి, సాగి, అంచుల్లోంచి వేళ్ళలాంటివి బయటికి చాచి ఉన్నాయి. కళ్ళకు అందంగానే ఉంది. ఆ అందం చూసి నా మనసు మెత్తబడలేదు.

"ఈ గట్టిదనం జబ్బును చేస్తుందా, జబ్బే గట్టిదనాన్ని చేస్తుందా?"

"రెండూ అమ్మా. ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. ఎంతవరకు ఏది అనేదే మేము చూస్తాండేది. మనిషి వంట్లో అన్నీ కలిసిపోయి ఉంటాయి కదా, విడదీసి చూడలేము. అందుకే జెల్లు. దీన్లో గట్టిదనం ఒక్కటే మారుస్తాము, మిగతావి మార్చము."

"చూసేదానికి మీకు ముక్కలు కావాలి."

"కావాలమ్మా. ఇచ్చేవాళ్ళు ఇస్తేనే."

"బట్లహళ్ళి నుంచి రాబోయే ముక్క కోసం ఎప్పటినుంచి ఎదురుచూస్తున్నారు?"

ఆమెకు అర్థం కాలేదు. "బట్లహళ్ళి నుంచి ఎవరిదమ్మా?"

నటన అయితే గొప్ప నటనే. చెయ్యి పట్టుకుని వరండాలోకి లాక్కొచ్చి ఫొటో ముందు నిలబెట్టాను. "ఈమె ఎడమ చెయ్యి ఎక్కడుందో చూడు," అన్నాను.

చూసింది. ముందు ఏమీ పట్టుకోలేదు. తర్వాత కొంగు దగ్గర ఆమె చూపు ఆగింది. కాపలావాడి కుర్చీ ఖాళీగా ఉంటే అందులో కూలబడింది.

"ఈ ఫొటో తీసింది నేనేనమ్మా," అంది. "టీకి అందరూ బయటికి పోయినారు. ఆయమ్మ ఒక్కతే మళ్ళీ లోపలికొచ్చి నొక్కతాండాది. పోతాది, వస్తాది, నొక్కతాది. ఎంత ఇంట్రెస్టో అనుకున్నా. ఫోన్‌తో తీసినా."

"ఇప్పుడు ఆమెకు క్యాన్సరు. మీ మీటింగు నుంచి వెళ్ళి ఇన్నాళ్ళూ గడ్డకు వేడినీళ్ళ కాపడం పెట్టుకుంది. మెత్తబెడితే పోతుందని మీరు చెప్పారంది. చెప్పింది ఎవరు?"

"ఎవరూ చెప్పలేదమ్మా!"

"నాకు మాట వద్దు. వీడియో ఉంటే చూపించు."

ఉంది. ఆమె బల్ల దగ్గర కంప్యూటర్లో చూశాము. చౌడమ్మ లేచింది, అడిగింది. ప్రశ్న స్పష్టంగా వినిపించింది. డైరెక్టరు గారు చిరునవ్వుతో ముందుకు వంగారు. "తుంబా ఒళ్ళెయ ప్రశ్నె," అన్నారు, చాలా మంచి ప్రశ్న. మన జనం ఇలాగే ఆలోచించాలని కన్నడంలోనే రెండు మాటలు కలిపి, తానే ముందు చప్పట్లు కొట్టారు. హాలంతా కొట్టింది. నందకిశోర్ మైకందుకుని టీ, మిక్చరు తయారుగా ఉన్నాయన్నాడు. జనం లేచారు. మూడో వరసలో లక్ష్మీనరసమ్మ కూడా చప్పట్లు కొట్టి లేచింది.

అవునని ఎవరూ అనలేదు. కాదనీ ఎవరూ అనలేదు.

నేను పట్టుకోవడానికి వచ్చిన కుట్ర ఆ తెర మీద లేదు. ఉంటే నాకు సుఖంగా ఉండేది. చింతామణి హైస్కూల్లో మా మాస్టర్లు సరైన జవాబు చెప్పిన పిల్లనే మెచ్చుకునేవారు. తప్పు చెప్పినదాన్ని చప్పట్లతో కూర్చోబెట్టిన మాస్టరును మేమెరగం. పెద్ద ఉద్యోగంలో ఉన్న మనిషి నలుగురిలో ఒక మాటను మెచ్చుకుని చప్పట్లు కొట్టాడంటే ఆ మాట నిజమని ఒప్పుకున్నట్టే. మా తరం ఆడవాళ్ళకు బడి నేర్పినది ఇదే. లక్ష్మీనరసమ్మ ఆ బడిలోనే చదువుకుంది. మంచి విద్యార్థిని.

"ఇప్పుడు నువ్వు చెప్పు," అన్నాను శ్రీరంజనితో. "మెత్తబెడితే జబ్బు పోతుందా?"

"పోదమ్మా."

"ఎందుకు పోదు?"

"గట్టి జెల్లులో చాలా రోజులు పెరిగిన కణాలను తెచ్చి మెత్తటిదాన్లో పెట్టినా, చాలావరకు గట్టిదాన్లో ఉండేటట్లే ఉంటాయి. ఆ చోటును మరిచిపోవు. ఇంక వేడినీళ్ళంటారా, మేము చేసిన జెల్లు కూడా వేడినీళ్ళకు మెత్తబడదు. ఒకసారి వెలుతురుతో బిగించినాక అది గూడు కాదు."

"ఈ మరిచిపోకపోవడం సంగతి ఆ రోజు నీకు తెలుసా?"

ఆమె తల వంచుకుంది. "తెలుసు. తర్వాతి స్లైడ్లో అదే ఉండాది. టీ చల్లారిపోతాదని ఆపేసినారు."

కోపంతో లేచి వచ్చేయడం సులువు. నేను రాలేదు. "ఆ స్లైడు ఇప్పుడు బట్లహళ్ళికి తీసుకురా," అన్నాను. "డైరెక్టరు గారు కూడా రావాలి."

డైరెక్టరు గారు రాలేదు. శ్రీరంజని ఆదివారం, కేంద్రానికి చెప్పకుండానే వచ్చానంటూ, బస్సు దిగింది. నిజంగా ఎవరు పంపి ఉంటారా అని, ఆమెను ఇంటికి తీసుకెళ్తూ, నేను దారంతా ఆలోచించాను. బహుశా విషయం పత్రికలకెక్కకుండా చూడమని పంపి ఉంటారు. ఆ ఆలోచన ఆమె ముఖం మీదే చెప్పాను.

పురుగులింట్లో, పురుగులు గూళ్ళు కట్టే చంద్రికలు గోడకు ఆనించిపెట్టిన చోట, చాప వేసి కూర్చున్నాము. ఆ రోజు మీటింగుకు వెళ్ళిన ఆడవాళ్ళలో చాలామంది వచ్చారు. కేంద్రం గోడ మీది ఫొటో సంగతి లక్ష్మీనరసమ్మకు నేను ముందే చెప్పాను.

"కూర్చో పాపా," అంది లక్ష్మీనరసమ్మ. "ఫొటో తీసేదుంటే ముందే చెప్పు. ఈసారి మంచి చీర కట్టుకుంటా."

ఆడవాళ్ళు నవ్వారు. శ్రీరంజని నవ్వలేదు.

"ఆ రోజు చౌడమ్మక్క అడిగినదానికి జవాబు తెచ్చినా," అంది. "మెత్తబెడితే పోదు. వేడినీళ్ళతో పోదు, నూనెతో పోదు. మా జెల్లు జబ్బు ఎట్ల నడుస్తాదో చూసేదానికి, మాన్పేదానికి కాదు. గట్టిగా ఏమి తగిలినా ఆస్పత్రికే పోవాల. ఇది ఆ రోజే చెప్పాల్సింది. చెప్పలేదు."

"అయితే నేనడిగింది మంచి ప్రశ్న కాదా?" అంది చౌడమ్మ, కొంచెం చిన్నబుచ్చుకుని.

"మంచిదే అక్కా. అందుకే జవాబు చెప్పాల్సింది."

లక్ష్మీనరసమ్మ ఆ పిల్లను చాలాసేపు చూసింది. గూళ్ళ బుట్ట ముందు కూర్చున్నప్పుడు ఆమె చూసే చూపు అది.

"నా ముక్క తీసుకుపోయి ఏం జేస్తావు?"

"ఎంత గట్టిగా ఉండాదో కొలుస్తా. దాన్లో కణాలు బతికితే అంతే గట్టి జెల్లులో పెంచి, ఏ మందుకు లొంగుతాయో, దేనికి లొంగవో చూస్తా."

"దాంతో నాకు నయమవుతాదా?"

"లేదక్కా. మీకు దాంతో ఏమీ కాదు. ఎప్పుడో, ఇంకెవరికో కావచ్చు. అది కూడా ఖాయంగా చెప్పలేను."

"ఇంటికొచ్చిన ప్రతోడూ లాభం, లాభం అని చెప్పి పోయేవాడే," అంది లక్ష్మీనరసమ్మ. "నీకేమీ లేదు అని చెప్పింది నువ్వొక్కతే."

నేను కల్పించుకున్నాను. ఇలా మాట్లాడమని ఎవరైనా నేర్పి పంపి ఉండవచ్చనీ, నమ్మించడానికి అన్నిటికన్నా తేలిక పద్ధతి ఇదేననీ అన్నాను.

"ఏమే భాగీరథీ," అని లక్ష్మీనరసమ్మ నా తొడ మీద ఒక్కటి చరిచింది. "నీ అనుమానం నా గడ్డ కన్నా గట్టిగా ఉండాదే. పొయ్యి మీద నీళ్ళు ఇంకా వేడిగానే ఉండాయి, దానికొక కాపడం పెట్టుకో పో."

నవ్వులు సద్దుమణిగాక కొడుకును పిలిచి, ఆస్పత్రికి పోదాము, ఆపరేషన్‌కు ఒప్పుకున్నానని చెప్పు అంది. తర్వాత శ్రీరంజని వైపు తిరిగింది.

"ముక్క ఇస్తా. ఒకటే మాట. ఆ ఫొటో కింద నా పేరు రాయాల. దాని కింద, మెత్తబెడితే పోదు, ఆస్పత్రికి పోండి అని రాయాల. తెలుగులో ఒకటి, కన్నడంలో ఒకటి. సరేనా?"

"సరే అక్కా," అంది శ్రీరంజని.

ఆపరేషన్ అయింది. జబ్బు చంక కిందికి కూడా చేరిందని తేలింది. ఉగాదికి ముందే వచ్చి ఉంటే అక్కడికి చేరేదా అని డాక్టర్ పురుషోత్తమ్‌ను అడిగాను. అతను బల్ల మీది పెన్నును ఎత్తి, మళ్ళీ అదే చోట పెట్టాడు. చెప్పలేమమ్మా అన్నాడు. అతను నిజమే చెప్పాడని అనుకుంటున్నాను. కానీ చెప్పలేకపోవడం వేరు, ఏమీ కాదనడం వేరు; అతను రెండోది అనలేదు. లక్ష్మీనరసమ్మకు ఇప్పుడు మందులెక్కిస్తున్నారు. జుట్టు ఊడింది. నన్ను చూస్తే ఇప్పటికీ పోలీసు స్టేషన్ ముచ్చటే ఎత్తుతుంది.

ఇచ్చిన మాట ప్రకారం ముక్క కేంద్రానికి చేరింది. శ్రీరంజని కొలిచి, ఎవరూ అడగకముందే బట్లహళ్ళికి ఫోన్ చేసి చెప్పింది. అది నీలం ముద్ద కన్నా గట్టిగా ఉందట.

"నాకు ఆ రోజే తెలుసు పాపా," అంది లక్ష్మీనరసమ్మ. "రెండూ నొక్కి చూసినాను కదా."

ఫొటో కింద మాత్రం ఏమీ రాయలేదు. డిజైను చెడిపోతుందని నందకిశోర్ అన్నాడట. శ్రీరంజని తన చేతితో ఆ మాటలు రాసి గాజు మీద అంటిస్తే ఎవరో పీకేశారట. మళ్ళీ అంటిస్తే మళ్ళీ పీకేశారట. డైరెక్టరు గారికి ఫోన్ చేశాను. ముక్క తీసుకున్నారు, మాట ఎందుకు నిలబెట్టుకోలేదని అడిగాను. ఆ ఫొటోలో ఎడమ చెయ్యి ఎక్కడుందని కూడా అడిగాను. ఆయన చాలా శ్రద్ధగా విన్నారు. "మంచి ప్రశ్న మేడం," అన్నారు.

మీరు చిక్కబళ్ళాపురకు ఏదో పని మీద పోతూనే ఉంటారు. కచేరి పనో, కోర్టు పనో, బెంగళూరు రైలో. ఈసారి పోయినప్పుడు ఆ కేంద్రానికి వెళ్ళండి. వరండాలో ఆ ఫొటో ముందు నిలబడండి. ఎవరు ఎదురొస్తే వారిని, అందరికీ వినిపించేలా, ఈమె పేరేమిటి, ఈమె ఎడమ చెయ్యి ఎక్కడుంది అని అడగండి. కాఫీ ఇస్తారు, తాగకండి. మంచి ప్రశ్న అంటారు, చప్పట్లు కొట్టకండి. జవాబు చెప్పి, ఆ ఫొటో కింద రాసేదాకా అక్కడి నుంచి కదలకండి.